నాలుగు వేళ్ళ మడత

హలో… ఆ, నేనే, గవరయ్యని. ఎవరది?

…ఏ గోపినాథ్?

…అబర్డీన్ బజార్, బట్టల దుకాణం గోపినాథ్. అచ్ఛా. మా ఆవిడ చిన్నమ్మి తమ్ముణ్నని చెప్పుకోడానికి నోరు రాలేదా, దుకాణం పేరు చెప్తున్నావు?

…బావా అనకు. ఆ మాట విని మూడేళ్ళయింది. వినకపోయినా బతికే ఉన్నాను.

…బాగానే ఉన్నాను. తింటున్నాను, నడుస్తున్నాను. ఇంకేటి కావాలి?

…అందింది. నిన్న మధ్యాహ్నం అందింది. సంచి మీద నీ దుకాణం పేరు చూసి గుమ్మంలోనే పెట్టేద్దామనుకున్నాను. వాన వచ్చేలా ఉందని లోపల పెట్టాను. వానకి థాంక్స్ చెప్పుకో.

…తెలుసు. టూర్ కంపెనీ స్వాతి చెప్పింది. పన్నెండు మంది గైడ్లకి పన్నెండు సఫారీ ప్యాంట్లు, ఆర్డరు నీకే ఇచ్చానంది. నీకని ముందే తెలిస్తే ఆవేళే వద్దనేవాణ్ని.

…వేసుకోను.

…వేసుకోను అన్నాను. సిగ్నల్ బాగానే ఉంది కదా?

…అదీ తెలుసు. సోమవారం పొద్దున్న బెంగళూరు వాళ్ళు ఆరుగురు వస్తున్నారు, చిడియాటాపులో పక్షులు చూడ్డానికి. కంపెనీ ప్యాంటు వేసుకోనివాడు బండెక్కడు, ఎక్కనివాడు ఇంక పనిలోకి రానక్కర్లేదు. స్వాతి నా మొహం మీదే చెప్పింది. ధైర్యం ఉన్న గుంట. నీకంటే నయం.

…పోతే పోనీ. ముప్పై ఒక్క ఏళ్ళు ఫారెస్టు వాచర్‌గా నడిచాను. రిటైరయ్యాక ఈ గైడు పని. ఇదీ పోతే పోద్ది.

…ఇంట్లో కూర్చొని ఏటి చేస్తానా? గోడలు చూస్తాను. మూడేళ్ళుగా చూస్తున్నవే. ఎక్కడ పెచ్చు ఊడిందో కళ్ళు మూసుకొని చెప్తాను.

…జాలిపడకు. ప్యాంటు గురించి ఫోన్ చేశావు, ప్యాంటు గురించి మాట్లాడు.

…లోపమేటా? కూర్చున్నావా? గల్లా దగ్గర కుర్చీ ఉంటాది కదా నీకు. కూర్చో. చెప్తాను.

ముందు చప్పుడు. అడుగు తీసి అడుగు వేస్తే రెండు కాళ్ళూ రాసుకొని సర్రు సర్రుమంటోంది. ఇంట్లో గచ్చు మీద నాలుగడుగులు వేశాను. గోడ మీద పడుకున్న పక్కింటి పిల్లి లేచి పారిపోయింది. అడవిలో పావురం కూర్చుంటాదా నా కోసం?

…నవ్వకు. నవ్వడానికి చెప్పలేదు.

తర్వాత జేబులు. ఎనిమిది. ఎనిమిది జేబుల్లో ఏటి పెట్టుకోవాలి, సంతకి వెళ్తున్నానా? ఒక్కోదానికి ఒక మూత. ఆ మూతకి అంటుకునే పట్టీ. తీస్తే గుడ్డ చిరిగినట్టు మోత. బెంగళూరు నుంచి విమానం ఎక్కి వచ్చినవాడికి కొమ్మ మీద గుడ్లగూబని చూపిస్తున్నాననుకో, పక్కన జేబు చర్రుమంటే ఇంక వాడు కొమ్మని చూసుకొని వెళ్ళాలి.

మోకాళ్ళ దగ్గర జిప్పు…

…తెలుసురా, విప్పితే నిక్కరవుద్ది. ఎవడికి కావాలి నిక్కరు? జలగలున్న అడవిలో మోకాళ్ళు బయటపెట్టుకొని తిరిగేవాడికి ప్యాంటు కూడా దండగ. గోచీ పెట్టుకోమను.

…మంచి కంపెనీ జిప్పే. కాదన్నానా? ఉప్పుకి మంచి కంపెనీ, చెడ్డ కంపెనీ తేడా ఉంటాదేటి? నా నడుం పట్టీ లోపల ఉప్పు సంచి ఉంటాది. జలగ పట్టిందా, చిటికెడు ఉప్పు వేస్తే రాలిపోద్ది. వాన పడితే ఆ ఉప్పే కరిగి కిందకి కారుద్ది. జిప్పు లాగే బిళ్ళ నెల తిరక్కుండా బిగుసుకుపోద్ది.

…ఎందుకవదు? మా గైడు నూకయ్యని అడుగు. కిందటి వానల్లో ఇలాంటిదే కొన్నాడు. అడవి మధ్యలో అవసరం పడింది. ముందు జిప్పు రాదు. చెట్టు వెనక నిలబడి లాగుతున్నాడు, తిడుతున్నాడు, లాగుతున్నాడు. చివరికి కత్తి పెట్టి కోశాడు.

…ప్యాంటునేలే. తర్వాత మూడు కిలోమీటర్లు చొక్కా విప్పి ముందుకి కట్టుకొని నడిచాడు. వెనకాల ఇద్దరు లేడీ డాక్టర్లు, ‘భయ్యా, ఆ పిట్ట ఏటి, ఈ పిట్ట ఏటి’ అని అడుగుతూనే ఉన్నారు. వెనక్కి తిరక్కుండానే చెప్పాడు పాపం.

…నవ్వు. ఈసారి నవ్వుకో.

చిన్నమ్మి జిప్పు వేసేది కాదు. బొత్తాలు. కొబ్బరి చిప్ప అరగదీసి, చిల్లు పెట్టిన బొత్తాలు. ప్యాంటు చిరిగిపోయినా బొత్తాలు మిగిలేవి. ఊడదీసి కొత్తదానికి వేసేది. ఇప్పుడు నా ఒంటి మీదున్న బొత్తాలు పద్దెనిమిదేళ్ళవి. నీ దుకాణంలో పద్దెనిమిదేళ్ళ వస్తువేదైనా ఉందా, నీ త్రాసు తప్ప?

…ఆ, బట్టల దుకాణంలో త్రాసు ఉండదు. సరే. నువ్వు తప్ప.

…ఉండు, ఐసు లారీ వెళ్తోంది. ఈ జంగ్లీఘాట్‌లో పడవలు వచ్చే వేళకి మాట వినపడదు… వెళ్ళిపోయింది. ఏటన్నావు?

…ఎండుద్ది. తొందరగా ఎండుద్ది. ఒప్పుకుంటాను. పొద్దున్న నీ ప్యాంటుని, నా పాతదాన్ని ఒకే బకెట్లో ముంచి, ఒకే తీగ మీద వేశాను. నీది గంటకి ఎండింది. నాది ఇప్పటికీ నీళ్ళు కారుతోంది. బరువు కూడా నీది సగం లేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి?

…తొందరపడకు. ఎండడం ఒక్కటే పనైతే తీగకి తొడుగు. ఆ తర్వాత వేప పుల్లతో కాదు, పేముముల్లుతో రెండింటినీ గీశాను. పెరట్లో పెట్టుకున్నాను ఒక పేము తీగ, కుర్చీలు అల్లే రకం, నాకు అదో పిచ్చి. నా ముతక డ్రిల్లు గుడ్డకి చిన్న నోరు పడింది, అక్కడితో ఆగింది. నీదానికి దారం లేచింది. లేచి, తొడ నుంచి మడమ దాకా ఒకటే గీత. గీత పక్కన గుడ్డంతా ముడుచుకుపోయింది, ముసలి మొహంలాగా.

…పాడు చేశానా? అవును, చేశాను. అడవి చెయ్యబోయేదే నేను ముందు చేశాను.

నిప్పు సంగతి కూడా చెప్పనా? టీ పెడుతుంటే పుల్ల నుంచి రవ్వ ఎగిరి పడింది. డ్రిల్లైతే నల్లటి చుక్క పడుద్ది, దులుపుకుంటాం. ఇది కరిగింది. కరిగి ఒంటికి అంటుకుంది. మజ్జిగ రాసుకున్నాను.

…బాగానే ఉంది కాలు. డాక్టరక్కర్లేదు. నీ ఫోనక్కర్లేదు.

…ఆ రంగు సంగతి స్వాతి నాక్కూడా చెప్పింది. తెల్లగా ఉంటే జలగ కనపడుద్దంట. ఆ గుంట పుట్టింది ఈ ద్వీపంలోనే, పెరిగింది ఏసీ గదిలో. జలగ కనపడేసరికి ఎక్కేసిందన్న మాటే కదా? కనపడ్డం ఎవడికి కావాలి, ఎక్కకపోవడం కావాలి. అందుకు కాలి చివర మడత గట్టిగా ఉండాలి, మేజోడు లోపలికి దోపితే బయటికి రాకూడదు. గుడ్డ మందంగా ఉండాలి, ఇసక ఈగ నోరు దిగకూడదు. కాళ్ళ మధ్య కుట్టు మీద కుట్టు రాకుండా పలకగా ఒక అతుకు వెయ్యాలి, దుంగ దాటితే పిగలకూడదు. మోకాళ్ళకి రెండో పొర. వెనక జేబు అక్కర్లేదు, కూర్చుంటే నీళ్ళు పడతాయి. ఎండకి వదులుగా ఉండాలి, గాలి కింద నుంచి పైకి ఆడాలి. అదీ ప్యాంటంటే.

…ఎవరు చెప్పారా? నాకెవరూ చెప్పలేదు. పదేళ్ళు నేను చింపుకొని వచ్చాను, పదేళ్ళు ఆమె చూసింది. ఎక్కడ చిరిగితే అక్కడ మార్చింది. పదకొండో ఏడు నుంచి చిరగలేదు.

…ఆ, మీ అక్కే. నా ఇంట్లో ఆ పేరు నేనెత్తుకుంటాను. నువ్వెత్తకు.

…ఎందుకెత్తకూడదో నీకు తెలుసు.

…కుట్టించుకోలేదా అంటే? కుట్టించాను. డిగ్నాబాద్‌లో ఒక దర్జీకి పాతదాన్ని నమూనా ఇచ్చాను. ఆఫీసు ప్యాంటు కుట్టాడు. ఇస్త్రీ గీత కూడా పెట్టాడు. చిన్నమ్మి కొలత దారం లేకుండా ఎవడి వల్లా కాదది.

…దారమేటా? నీకు తెలీదా? నవ్వొస్తోంది. మీ అక్క ఎప్పుడైనా టేపు పట్టిందా? మీ ఇంట్లో ఆడవాళ్ళంతా వలలు అల్లినవాళ్ళే. వలదారం ముక్క తీసుకొని, చివర ఉంగరం చేసి, అక్కణ్నుంచి నడుముకో ముడి, కాలికో ముడి, తొడకో ముడి. నా ఒళ్ళంతా ఆ దారం మీదే ఉండేది. ఆమె పోయాక దానికోసం ఇల్లంతా వెతికాను. మిషన్ పెట్టెలో లేదు. బియ్యం డబ్బాలో కూడా చూశాను. ఎక్కడా లేదు.

…ఏటి, దగ్గుతున్నావు?

…దగ్గు వస్తే నీళ్ళు తాగు.

సరే. ఇన్ని తిట్టాను కదా, ఒక మాట అడగాలి. స్వాతికి నా నడుం ముప్పై ఆరని రాసిచ్చాను. నా చేత్తో రాశాను. సంచిలో వచ్చింది ముప్పై రెండు. ఎందుకు?

…పొరపాటు కాదు. నిన్న తొడుక్కున్నాను. పట్టింది. అతికినట్టు పట్టింది. పాతవాటికి నైలాన్ తాడు కట్టుకొని తిరుగుతున్నాను, ఆ సంగతి ఎవరికీ తెలీదు, పైన చొక్కా వదిలేస్తాను. నన్ను చూసి నీకు మూడేళ్ళయింది. నేను చిక్కిపోయానని నీకెవడు చెప్పాడు?

…అందాజుగానా? నాలుగంగుళాలు అందాజుగానా?

…మనిషిని పంపి చూపించావా? నూకయ్య చెప్పాడా? జంగ్లీఘాట్‌లో ఎవణ్ని పెట్టుకున్నావు?

…ఎవరూ చెప్పలేదంటే నమ్మాలా?

ఇంకోటి. మిగతా పదకొండూ డబ్బాల్లోంచి తీసి పంపావు. నూకయ్యది చూశాను, మిషన్ కుట్టే. నాదానికి కాళ్ళు కోసి మళ్ళీ కుట్టారు. ఆ కుట్టు వేరు. నీ దుకాణం వెనక గదిలో మిషనుంది. నువ్వే కుట్టావు కదా?

…కుట్టావు. మరి పొట్టి ఎందుకు చేశావు? కొంగలా ఉన్నాను అందులో.

…ఎంత పొట్టి అంటే… ఉండు. మళ్ళీ తొడుక్కొని చెప్తాను. ఫోన్ స్టూలు మీద పెడుతున్నాను. పెట్టెయ్యకు.

…ఆ. ఉన్నావా? తొడుక్కున్నాను. నిలబడ్డాను. మడమ నుంచి పైకి వేళ్ళు పెట్టి చూస్తున్నాను. ఒకటి. రెండు. మూడు… నాలుగు.

నాలుగు వేళ్ళు.

సరిగ్గా నాలుగే.

…

గోపీ.

ఆ దారం నీ దగ్గరుంది.

…లేదనకు. చిన్నమ్మి కాలు కొలత ముడి దగ్గర ఆపేది కాదు. ముడి దగ్గర చెయ్యి ఆన్చి, నాలుగు వేళ్ళు వదిలి, అక్కడ కోసేది. డ్రిల్లు మొదటి వానలకి ముడుచుకుపోద్ది కదా, ఆ నాలుగు వేళ్ళు మడతలో దాచేది. తర్వాత విప్పేది. ముడి వరకే కోసి, కాలి మడత కూడా అందులోంచే తీసేవాడు, దారం చేతిలో ఉన్నా ఆమె చెయ్యి చూడనివాడు. నువ్వు వల పట్టలేదు, దుకాణం పట్టావు. అందుకే తప్పు చేశావు. దారం చూసే చేశావు.

…చెప్పు.

…ఎప్పుడిచ్చింది?

…ఓడ ఎక్కే ముందు రోజా? ముందు రోజు మందులకని బజారుకి వెళ్ళింది. గంటలో వస్తానని రెండు గంటలకి వచ్చింది. ఆటో దొరకలేదంది. నీ దగ్గరకి వచ్చిందా?

…దుకాణంలో కూర్చుందా? ఆయాసపడుతూనే? నీళ్ళిచ్చావా?

…ఊఁ. గుడ్డ తనే ఎంచిందా?

…ఖాకీ డ్రిల్లు, నాలుగు మీటర్లు. పళ్ళతో కొరికి చూసిందా? అవును, అలాగే చూసేది. పురి గట్టిగా ఉంటే నాలిక్కి తెలుసుద్దనేది.

దారం, గుడ్డ, రెండూ నీ చేతిలో పెట్టి వెళ్ళింది. మర్నాడు వైద్యానికని విశాఖపట్నం ఓడ. హడ్డో జెట్టీకి జంగ్లీఘాట్ సగం వచ్చింది. మనవాళ్ళెవరు ఓడెక్కినా వెళ్తాం కదా, కూలి మానేసైనా వెళ్తాం, రుమాలు ఊపుతాం. అందరూ వచ్చారు. ఐసు కొట్టేవాళ్ళు కూడా వచ్చారు. నువ్వు రాలేదు.

…నేను మాట్లాడుతున్నాను. మూడేళ్ళ తర్వాత మాట్లాడుతున్నాను, విను.

బడి బట్టల సీజనని రాలేదు. అంతే కదా? నేను ఆమె పక్కనే ఉన్నాను, డెక్కు మీద. రెయిలింగు పట్టుకొని నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. ‘తమ్ముడు వస్తాడు, షట్టరు దించి రావాలి కదా’ అంది. తాళ్ళు విప్పారు. ‘ట్రాఫిక్కు ఉంటాది’ అంది. ఓడ కదిలింది. రాస్ ద్వీపం దాటేదాకా జెట్టీ వైపే చూసింది. జెట్టీ కనపడకపోయినా చూసింది. విశాఖపట్నంలో పద్దెనిమిది రోజులు బతికింది. నీ గురించి రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగలేదు.

…సీజను కాదా? మరేటి?

…ఏ ముడి?

…నడుం ముడా? విప్పిందా? నీ ముందు కూర్చొని?

…విప్పి, ఇంకా లోపలికి జరిపి మళ్ళీ వేసిందా.

…గోపీ, దారం ఇప్పుడు నీ చేతిలో ఉందా? తీయి. నేనాగుతాను.

…ఉందా? పాత ముడి ఉన్నచోట మెలి కనపడాలి. వలదారానికి మెలి పోదు. ఎన్నేళ్ళయినా పోదు. చూడు.

…ఉంది. ఎంత దూరం?

…టేపు పెట్టి చెప్పు.

…నాలుగంగుళాలు.

…

…ఆ ముడి అలాగే పట్టుకో, వదలకు.

ఆవేళ నా నడుం ముప్పై ఆరురా. పొట్ట ఉండేది. ఆమే ఎగతాళి చేసేది, ఫారెస్టు వాళ్ళు దుంగలు లాగే ఏనుగుల్ని మానేశారు కానీ నిన్ను ఉంచుకున్నారని. ఆ మనిషి, తను బతకదని తెలిసి, మందులకి వెళ్తున్నానని నాకు చెప్పి, నీ దుకాణంలో కూర్చొని, నేనెంత చిక్కిపోతానో లెక్క కట్టి ముడి వేసిందా?

ఎంత పొగరు.

…పొగరే. ఇంకేటంటారు దాన్ని? నాకు ఒక్క ముక్క చెప్పలేదు. మూడేళ్ళూ నేను చిక్కుతూ చిక్కుతూ వెళ్ళి సరిగ్గా ఆమె ముడి దగ్గర ఆగాను. ఆమె చెప్పిన చోట ఆగాను. బతికున్నప్పుడు ఒక్క మాట వినలేదు నేను.

…నీకు అప్పుడే అర్థమైందా, ఆ ముడి చూసి?

…అర్థమై, జెట్టీకి రాలేదా.

…భయమేసిందా. మొహం చూస్తే ఏడ్చేస్తానని. ఆమెకి తెలిసిపోద్దని.

…ఆగు. నన్ను అననీ. మూడేళ్ళుగా నువ్వు తెలియక రాలేదనుకున్నాను. బేరాల్లో పడి, అక్కకి ఏటవుద్దిలే అనుకొని రాలేదనుకున్నాను. వెధవా అని తిట్టుకున్నాను. తెలిసి రాలేదా? అది ఇంకా పెద్ద తప్పు. నీ భయం నీకుంది. ఆమెకి లేదేటి భయం? ఆమె నిలబడలేదా? నువ్వు వచ్చి ఏడ్చుంటే ఏమయ్యేది, ఓడ ములిగేదా?

…ఏడవకు. గల్లా దగ్గర ఏడిస్తే బేరాలు పోతాయి.

…లోపలి గదిలోకి వెళ్ళు పోనీ.

…ఇంకేటంది ఆవేళ? అంతా చెప్పు, దాచకు.

…‘వచ్చి అడిగితే ఇవ్వు. అడక్కుండా ఇస్తే విసిరికొడతాడు.’ అలాగందా?

…ఊఁ. సరిగ్గానే అంది. నిన్న నీ సంచి గుమ్మంలో పెట్టేద్దామనుకున్నాను కదా.

అందుకని నేను అడుగుతానని మూడేళ్ళు కూర్చున్నావు. నేను అడగనని నీకు తెలుసు. ఆమెకీ తెలుసు. అయినా అలా చెప్పి వెళ్ళింది.

…స్వాతి ఆర్డరు వచ్చాక ఇంక ఆగలేక దారం తీశావా. గుడ్డ మాత్రం ఇవ్వలేదు. అడగలేదు కాబట్టి.

…ఉందా ఇంకా ఆ గుడ్డ? చీకిపోయుంటాది.

…ప్రతి ఏడూ ఎండలో వేస్తున్నావా? వానలు వెళ్ళాక? నువ్వేనా, పనివాళ్ళా?

…నువ్వే.

…

సరే. విను. ఒకసారే అంటాను. అడుగుతున్నాను.

…ఏటీ? …ఇంకో లారీ వచ్చి చచ్చింది, ఉండు. ఈ ఐసువాళ్ళకి ఇప్పుడే… ఆ. రెండోసారి అనిపిస్తున్నావు, గుర్తుపెట్టుకో. అడుగుతున్నాను అన్నాను. గుడ్డ తే. దారం తే.

…రేపు కాదు, ఆదివారం. ఆదివారం నీ దుకాణం మూసుకో. ఈసారి షట్టరు దించే రా.

…దర్జీకి ఇవ్వను. ఆమె మిషనుంది ఇంట్లో. నూనె పెడుతూనే ఉన్నాను. కోసేది నేను. కుట్టేది నువ్వు, నా కళ్ళ ముందు. బొత్తాలు నా దగ్గరున్నాయి.

…నీకొచ్చినంతే కుట్టు. వంకర వస్తే విప్పిస్తాను.

ఒకటి. కాలి దగ్గర నాలుగు వేళ్ళు మాత్రం నువ్వు ఆన్చాలి. నా వేళ్ళు లావు, కొలత తప్పుద్ది. నీవి ఆమె వేళ్ళలాగే సన్నగా ఉంటాయి. అందుకే. అంతకంటే ఏటీ అనుకోకు.

…నడుమా? ముప్పై రెండు ఎందుకు?

…కొత్త ముడి దగ్గర వద్దు. పాత మెలి ఉంది కదా, అక్కడ కోస్తాం. ముప్పై ఆరు.

…జారితే తాడు కట్టుకుంటాను. మూడేళ్ళుగా కట్టుకోలేదేటి? నిండుతాను. వానలు వెళ్ళేలోపు ఆ తాడు విప్పి పారేస్తాను చూడు. అన్ని లెక్కలూ సరిగ్గా వేసింది మీ అక్క. ఇదొక్కటి తప్పని తేలాలి. ఆ ఒక్కటీ నేను ఆమె మాట వినను.

…పిచ్చంటే పిచ్చే.

…స్వాతికి ఫోన్ చేస్తావా? చెయ్యి. బతిమాలకు, చెప్పు. గవరయ్య సోమవారం డ్రిల్లు ప్యాంటు తొడుక్కొని వస్తాడని చెప్పు. ఎక్కించుకుంటే బండి, లేకపోతే బస్సుంది చిడియాటాపుకి. పక్షులు ఆమె బండిలో లేవు కదా, అడవిలో ఉన్నాయి. బెంగళూరు వాళ్ళు ఎవడి వెనక నడుస్తారో అక్కడ చూద్దాం.

…నూకయ్యకి కూడానా? అడుగు. వాడు రెండు కుట్టమంటాడు.

…ఈ సంచిలోది వెనక్కి తీసుకెళ్ళు. గీత పడిందనుకో. రవ్వ చిల్లు కూడా ఉంది. నీ దుకాణం ముందు బొమ్మకి తొడుగు, అది అడవికి వెళ్ళదు.

…భోజనం వద్దు.

…వద్దన్నాను. గుడ్డ తెమ్మన్నాను, కేరేజీ తెమ్మన్నానా? మీ ఆవిడని శ్రమ పెట్టకు.

…నడుం నిండాలంటే తినాలి కదా అంటావా. మాటలు నేర్చావు దుకాణంలో కూర్చొని.

…

…ఏం చేప?

…వంజరమా. చింతపండు కొత్తదా, పాతదా?

…ముక్కలు పెద్దవి కొయ్యమను. చిన్నవి పులుసులో విడిపోతాయి.

ఇంక పెట్టేస్తాను. చెవి కాలిపోతోంది.

…గోపీ, జెట్టీ సంగతి అలాగే ఉంది. ప్యాంటు కుట్టినా, పులుసు తెచ్చినా అది పోదు. ఆదివారం నా ఇంట్లో కూర్చున్నా అది పక్కనే కూర్చొనుంటాది. తెలిసి రా.

…వస్తావు కదా?

…ఆ. విన్నాను. బావా అన్నావు. విన్నాన్లే, పెట్టేయ్.